గోపమ్మ అవ్వ చీటీ

"రాసినవా బిడ్డా?"

"రాస్తున్న అవ్వా. మళ్లొకసారి చెప్పు."

ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నర అయింది. ఎంకపల్లి చర్చిలో ఆరాధన అప్పుడే ముగిసింది. కొందరు చాపలు చుడుతున్నారు. కొందరు గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నారు. సమత మాత్రం వెనక కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఒళ్లో పరీక్ష అట్ట, చేతిలో నీలం పెన్ను, పక్కన ఒక స్టీలు డబ్బా. ఆమె ముందు ఏడెనిమిది మంది వరుసలో నిలబడ్డారు.

సమత చదివేది ఆరో తరగతి. అంత చిన్న పిల్ల ముందు ఇంతమంది పెద్దవాళ్లు వరుస కట్టడమంటే మాటలా? ఆ అరగంట సేపూ సమతకు తాను తహసీల్దారు అయినట్టే ఉండేది.

వరుసలో మొదట ఉన్నది గోపమ్మ అవ్వ. ఆమె కూరగాయలు అమ్మేది. కళ్లు మసకబారి ఆరు నెలలుగా ఇంట్లోనే ఉంటోంది. చాపల అంచు కాలికి తగలకుండా ఒక చెయ్యి గోడ మీద పెట్టి నిలబడింది.

"వచ్చే గురువారం చేవెళ్లల కంటి క్యాంపు ఉన్నది బిడ్డా. ఆపరేషన్ చేస్తమన్నరు. ఎంబడి ఒక మనిషి రావాలెనట. ఒక్కదాన్నే పోతే చెయ్యరట. మా సైదులుకు మోకిలల సెక్యూరిటీ డ్యూటీ. లీవు దొరుకుతలేదు. ఈ కన్ను బాగైతేనే నేను మల్ల తరాజు పట్టేది. తూకం ముల్లు కనవడ్తలేదు నాకు. జర గిదంత రాయి."

సమత పెన్ను నుదుటికి ఆనించి ఒక్క నిమిషం ఆలోచించింది. తర్వాత గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది:

'గోపమ్మ గారి నేత్ర స్వస్థత కొరకు.'

'నేత్రం' అనే మాట తెలుగు పాఠంలోది. 'స్వస్థత' పాస్టర్ గారి ప్రార్థనలోది. రెండూ పక్కపక్కన ఎంత బాగున్నాయో! కింద స్కేలుతో గీత కూడా గీసింది.

"గంతేనా?" అంది అవ్వ, చీటీ మీద వేలు పెట్టి తడుముతూ. "నేను గంత చెప్పిన గదా."

"అన్నీ అండ్లనే వచ్చినయ్ అవ్వా."

గోపమ్మకు చదువు రాదు. చదువుకున్నవాళ్లు కొంచెంలోనే చాలా రాస్తారు కాబోలు అనుకుంది. "సల్లగుండు బిడ్డా" అని సమత తల నిమిరి వెళ్లిపోయింది.

ఈ చీటీల సంగతి మీకు కొంచెం చెప్పాలి. ఆ చర్చిలో ముప్పై కుటుంబాలు ఉన్నాయి. ప్రతి ఆదివారం ఎవరి అవసరం వాళ్లు చీటీ మీద రాసి స్టీలు డబ్బాలో వేస్తారు. రాయడం రానివాళ్లకు ఒకరు రాసిపెడతారు. చివర్లో ఇంటికొకరు కళ్లు మూసుకుని ఒక చీటీ తీసుకుంటారు. తనదే తనకు వస్తే తిరిగి వేసి ఇంకోటి తీయాలి. వారమంతా ఆ చీటీలో ఉన్నవాళ్ల కోసం ప్రార్థన చేయాలి. చీటీ డబ్బా అనగానే కొత్తగా వచ్చినవాళ్లు "నెలకు ఎంత కట్టాలె?" అని అడుగుతుంటారు. ఆటో నడిపే జగదీశ్ కూడా మొదటి రోజు అట్లాగే అడిగాడు. ఆ ముచ్చట చెప్పి అందరూ ఇప్పటికీ అతన్ని ఏడిపిస్తారు.

ఇదివరకు చీటీలు రాసే అరుణశ్రీ అక్క డిగ్రీ చదవడానికి హాస్టల్‌కు వెళ్లింది. సమత చేతిరాత ముత్యాల్లా ఉంటుందని పాస్టర్ దయానందం గారు ఆ పని ఆమెకు అప్పగించారు. మొదట్లో సమత కూడా ఎవరు ఏది చెబితే అదే రాసింది. అయితే నాలుగు వారాల కింద ఒక సంగతి జరిగింది.

ఆ ఆదివారం మోకిల కొత్త విల్లాల నుంచి రమ అనే ఆవిడ కొడుకును తీసుకుని వచ్చింది. ఆరాధన అయ్యాక ఆమె పాస్టర్ గారిని అడిగింది.

"మీకు కాలు విరిగి మూడు నెలలు మంచం మీద ఉన్నారట కదండీ. అయినా ఒక్క ఆదివారం కూడా ఆరాధన ఆగలేదట. ఇంత చిన్న సంఘానికి అంత బలం ఎక్కడిది?"

"నా ప్రసంగాలతోనైతే కాదమ్మా" అని పాస్టర్ గారు నవ్వారు. డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టారు. "ఇగో, మా బలం ఇండ్లనే ఉన్నది. ఒకటి తియ్యుండ్రి."

ఆమె ఒక చీటీ తీసి పైకి చదివింది. "మా బర్రె తంతున్నది. పాలు పిండనిస్తలేదు. మైసయ్య."

ఆమె కొడుకు పకపకా నవ్వాడు. "మమ్మీ! బర్రె కోసం ప్రేయరా?"

ఆమె "ష్, తప్పు" అంది. మైసయ్య తాత కూడా నవ్వేశాడు. సమతకు మాత్రం చెవులు వేడెక్కాయి. చర్చి పరువంతా తన చేతిరాత వల్లే పోయినట్టనిపించింది. ఇంకెప్పుడూ అలా రాయకూడదని ఆ రోజే గట్టిగా అనుకుంది.

అప్పటి నుంచి డబ్బా మారిపోయింది. బర్రెకు జ్వరం అని మైసయ్య తాత చెబితే 'పశుసంపద క్షేమం కొరకు' అని రాసింది. ఇంటి రేకుల్లోంచి వాన కురుస్తోందని రాములమ్మ చెబితే 'గృహ సమాధానం కొరకు' అయింది; సమాధానం అంటే చర్చి మాటల్లో శాంతి. తన చీటీ మీద కూడా 'విద్యాభివృద్ధి కొరకు' అని రాసుకుంది. అసలు సంగతి ఏమిటంటే, ఆమెకు లెక్కల్లో భిన్నాలు బొత్తిగా రావడం లేదు. ఆ మాట నలుగురికీ తెలియడం దేనికని ఆమె ఆలోచన.

గోపమ్మ కంటి సంగతి రాయించుకున్న ఆదివారం ఆ చీటీ ఎవరికి వచ్చిందో సమత చూడలేదు. ఇంట్లో అమ్మ పప్పుచారు చేసింది, ఆ హడావిడిలో పరుగెత్తింది.

గురువారం సాయంత్రం సమత మొయినాబాద్ బడి నుంచి వచ్చి రోడ్డు మీద బస్సు దిగింది. స్టాపు పక్కన మోరీ గోడ మీద గోపమ్మ అవ్వ కూర్చుని ఉంది. ఒళ్లో గుడ్డ సంచి, దానిలో టిఫిన్ గిన్నె, దుప్పటి. కంటికి కట్టు లేదు.

"అవ్వా! ఆపరేషన్ అయిందా?"

"ఎవలూ? సమతనా?" అవ్వ గొంతును బట్టి గుర్తుపట్టింది. "ఏడయింది బిడ్డా. పొద్దుగాల ఎనిమిదింటికి ఇక్కడనే కూసున్న. ఎవలో ఒకలు వస్తరనుకున్న. పది దాటినా ఎవ్వరు రాకపాయె. ఒక్కదాన్నే షేర్ ఆటో ఎక్కి పోయిన. ఎంబడి మనిషి లేకుంటే చెయ్యమన్నరు. మల్ల నెలకు రమ్మన్నరు."



అంతలో ఒక ఆటో వచ్చి ఆగింది. జగదీశ్ తల బయటపెట్టాడు.

"అవ్వా, కండ్లు ఎట్లున్నయ్? ఈ వారం నీ చీటీ నాకే వచ్చింది. పొద్దుగాల ఆటో తీసేటప్పుడు నీ పేరు చెప్పి ప్రార్థన చేస్తున్న, తెలుసా?"

గోపమ్మ ముఖం అతని గొంతు వైపు తిరిగింది. "నీకే వచ్చిందా? మరి నువ్వు ఎందుకు రాలేదు కొడుకా?"

"యాడికి?"

"చేవెళ్లకు. ఇయ్యాల ఆపరేషన్ గదా."

జగదీశ్ ఆటో దిగాడు. అద్దం వెనక దోపిన చీటీ తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు. "నేత్ర స్వస్థత కొరకు అని ఉన్నదవ్వా. ఇంకేం లేదు. నేను పొద్దుగాల తొమ్మిదింటికి చేవెళ్లకు ఖాళీ ఆటోతోనే పోయిన. టమాటల లోడు తేవటానికి. గీ రోడ్డు మీదికెళ్లే పోయిన, నిన్ను చూసుకోలే."

  అవ్వ సంచి మూతి ముడి వేసుకుంది.

సమత అక్కడ నిలబడలేకపోయింది. బ్యాగు ఎగురుతుంటే ఇంటికి పరుగెత్తింది.

ఇంట్లో అమ్మ మంజుల కొత్తిమీర కట్టలు కడుతోంది. సమత వచ్చి బ్యాగు తీయకుండానే గోడకు ఆనుకుని కూర్చుంది. అమ్మ చాయ్ ఇస్తే తాగలేదు. బిస్కెట్ ఇస్తే తినలేదు.

"కడుపు నొస్తున్నదా?"

సమత తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాత ఏడుస్తూ మొత్తం చెప్పేసింది. అవ్వ ఏం చెప్పిందో, తాను ఏం రాసిందో, జగదీశ్ అన్న ఖాళీ ఆటో సంగతి, అన్నీ చెప్పింది.

మంజుల చేతిలో కట్ట అలాగే ఉండిపోయింది. "మైసయ్య తాత బర్రె చీటీ చదివి ఆ పిల్లగాడు నవ్విండు గదా. ఆ చీటీ తర్వాత ఎవలకు వచ్చిందో తెలుసా నీకు?"

"తెల్వది."

"రాములమ్మకు. సక్కగ కొట్టంలకు పోయి చూసింది. పొదుగు మీద పుండు ఉన్నదట. నూనె, పసుపు రాసి నాలుగు రోజులు చూసుకున్నది. బర్రె తన్నుడు ఆపింది."

సమత కళ్లు తుడుచుకుంది. ఆమెకు ఇంకోటి గుర్తొచ్చింది. రాములమ్మ ఇంటి రేకులు! మూడు వారాలుగా 'గృహ సమాధానం' అని రాస్తోంది. మూడు వారాలుగా అక్కడ వాన కురుస్తూనే ఉంది. ఆ చీటీ వచ్చినవాళ్లు మొగుడూ పెళ్లాలకు గొడవేమో అనుకుని, పాపం, ఆ ఇంటి వైపు చూడడమే మానేశారు.

"అమ్మా, నేను అవ్వ దగ్గరికి పోయి చెప్పాలె. నువ్వు కూడా రావా?"

"నేను వాకిట్ల నిలబడత. చెప్పేది నువ్వే."

దీపాలు పెట్టే వేళయింది. గోపమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. ఆమె పక్కన మూలకు తరాజు బోర్లించి ఉంది. దాని మీద దుమ్ము.

సమత గుమ్మంలోంచే చెప్పింది. "అవ్వా, తప్పు నాదే. నువ్వు చెప్పింది నేను రాయలే. గురువారం రాయలే, చేవెళ్ల రాయలే, ఎంబడి మనిషి కావాలె అన్నది కూడా రాయలే."

"మరి ఏం రాసినవ్?"

"నేత్ర స్వస్థత అని."

"అంటే ఏందే?"

"కన్ను బాగు కావాలె అని."

"మరి కన్ను అని రాస్తే అయిపోవు గదా" అంది అవ్వ. ఆమె కోప్పడలేదు. పొయ్యిలో పుల్ల ముందుకు తోసింది. తర్వాత మెల్లగా అంది. "పొద్దుగాల ఆ మోరీ మీద కూసున్నప్పుడు నాకు ఏం అనిపిచ్చిందో తెలుసా? ఆపరేషన్ కాకపోతే పాయె. గీ ముసల్దాన్ని అందరు యాదిమరిచిర్రు, ఇగ నేను ఎవ్వరికి అక్కర లేదు అనిపిచ్చింది. గది ఎక్కువ బాధయింది బిడ్డా."

సమత పరుగెత్తి వెళ్లి అవ్వ ఒళ్లో ముఖం పెట్టింది. అవ్వ ఆమె వీపు నిమిరింది.

"ఎవ్వరు మరువలేదన్నట్టు. జగదీశ్ రోజు నా పేరు చెప్పిండు. గంత చాలు. మల్ల నెల ఎంత దూరమున్నది? ఫికర్ చెయ్యకు. లే, ముక్కు తుడుసుకో."

ఆదివారం వచ్చింది. వాళ్ల చర్చిలో ప్రసంగానికి ముందు సాక్ష్యాలు చెబుతారు. దేవుడు మేలు చేశాడని, జ్వరం తగ్గిందని, ఉద్యోగం వచ్చిందని ఒక్కొక్కరు లేచి చెబుతారు. ఆ రోజు సమత లేచింది. పిల్లలు లేవడం మామూలు కాదు కాబట్టి అందరూ వెనక్కి తిరిగి చూశారు. 

"నేను నాలుగు వారాల నుంచి చీటీలు నాకు నచ్చినట్టు రాసిన. మీరు చెప్పినట్టు రాయలే. గోపమ్మ అవ్వ ఆపరేషన్ నా వల్లనే ఆగింది. రాములమ్మ పెద్దమ్మ ఇంట్ల గొడవలేం లేవు, రేకులు కురుస్తున్నయ్. నన్ను క్షమించుండ్రి."

 రాములమ్మ "అయ్యో దేవుడా! అందుకేనా అందరు మమ్ముల చూసి గుసగుసలు పెడుతున్నరు?" అంది. చర్చిలో అంత గట్టిగా నవ్వడం చాలా రోజుల తర్వాత అదే. అందరికంటే గట్టిగా నవ్వింది రాములమ్మే.

పాస్టర్ గారు నవ్వు ఆపుకుంటూ డబ్బా తెచ్చి సమత చేతికిచ్చారు. "ఇయ్యాల మొదటినుంచి రాయి బిడ్డా" అన్నారు. వేరేవాళ్లకు ఇచ్చేస్తారేమో అని భయపడిన సమత ఆ డబ్బాను రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

ఆ రోజు చీటీలు రాయడానికి గంటన్నర పట్టింది. సమత ప్రతి ఒక్కరినీ అడిగింది. ఏ రోజు? ఎక్కడ? ఇంకేం కావాలి? ఒకాయన ఆమెను మెప్పించాలని కాబోలు, "కుటుంబ ఆశీర్వాదం కొరకు అని రాయమ్మా" అన్నాడు. సమత పెన్ను పైకెత్తి పట్టుకుని అడిగింది. "అంటే ఏం కావాలె అంకుల్?" ఆయన తల గోక్కుని, బిడ్డతో రెండు నెలలుగా మాటల్లేవని చిన్నగా చెప్పాడు. సమత అదే రాసింది.

ఆ వారంలోనే మైసయ్య, జగదీశ్ నిచ్చెన వేసుకుని రాములమ్మ ఇంటి రేకులు సరిచేశారు. నెల తిరిగింది. గోపమ్మ చీటీ ఈసారి మైసయ్యకు వచ్చింది. అది చీటీ కాదు, దాదాపు ఉత్తరం. రెండు వైపులా రాసి ఉంది. మైసయ్య బర్రెను వదిలి రాలేడు. అందుకని జగదీశ్‌కు ఆటో సంగతి చెప్పాడు, మంజులను తోడు వెళ్లమని అడిగాడు. రాములమ్మ రెండు పూటలా అన్నం పంపింది. క్యాంపు దగ్గర "ఎంబడి ఎవరు?" అని అడిగితే, మంజుల, జగదీశ్ ఇద్దరూ ఒకేసారి చెయ్యి ఎత్తారట. ఆ మాట గోపమ్మ నెల రోజులు ఊరంతా చెప్పుకుంది.

కట్టు విప్పి నల్లద్దాలు పెట్టుకున్నాక వచ్చిన మొదటి ఆదివారం, అవ్వ గోడ పట్టుకోకుండా నడిచి సమత ముందుకు వచ్చింది. అద్దాలు కొంచెం కిందికి జరిపి సమత గడ్డం వైపు చూసింది.

"నీ గదవ మీద పుట్టుమచ్చ ఉన్నదానే! నాకు తెల్వనే తెల్వదు."

సమత సిగ్గుపడుతూ పెన్ను తీసింది. "చెప్పు అవ్వా. ఏం రాయాలె?"

"కృతజ్ఞత చీటీ రాయి. 'ముల్లు కనవడ్తున్నది' అని."

సమత రాసి ఆగింది. "ఇంకా?"

"గంతే."

"గంతేనా అవ్వా?"

"అన్నీ అండ్లనే వచ్చినయ్" అంది అవ్వ. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

అందరి చీటీలూ అయిపోయాయి. ఒక్క కాగితం మిగిలింది. అది సమతది. ఎప్పటిలా 'విద్యా' అని మొదలుపెట్టింది. ఆగింది. ఆ మాట కొట్టేసింది. అట్ట మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, మళ్లీ రాసింది.

'నాకు భిన్నాలు వస్తలేవు. పావు, అర కలపమంటే తప్పు చేస్తున్న. శుక్రవారం పరీక్ష ఉన్నది. సార్‌ను అడగాలంటే భయమైతున్నది. సమత.'

మడత పెట్టి, మనసు మారకముందే డబ్బాలో వేసేసింది.

సోమవారం సాయంత్రం సమత వాకిట్లో పుస్తకం ముందేసుకుని కూర్చుంది. పావు, అర కలిపితే ఎంత? పైవి పైవి కలిపింది, కిందివి కిందివి కలిపింది. ఆరింట రెండు వచ్చింది. అది తప్పని తెలుసు. ఎందుకు తప్పో తెలియదు.

"సమతా!"

తలెత్తి చూసింది. గోపమ్మ అవ్వ. ఒక చేతిలో టమాటల సంచి, ఇంకో చేతిలో తరాజు. దాని మీద ఇప్పుడు దుమ్ము లేదు. పళ్లాలు తోమినట్టు మెరుస్తున్నాయి.

అవ్వ కొంగు ముడి విప్పి, మడతలు పడ్డ చీటీ తీసింది. "నీది నాకే వచ్చింది బిడ్డా. జగదీశ్‌తోని రెండుసార్లు చదివిచ్చుకున్న. భిన్నాలంటే ఏందో నాకు తెల్వది. గాని పావు, అర అని రాసినవ్ సూడు. గవి నలభై ఏండ్ల నుంచి నా చేతుల మీదనే ఉన్నయ్."

ఆమె చాప మీద కూర్చుంది. ఒక పళ్లెంలో పావు కిలో రాయి పెట్టింది, దాని పక్కన అర కిలో రాయి పెట్టింది. రెండో పళ్లెం నిండా టమాటలు పోసింది. నల్లద్దాలు పైకి తోసుకుని తరాజు ఎత్తి పట్టుకుంది.

"ఇగ చూడు. ముల్లు నడుమకు వచ్చిందో లేదో నేను చెప్త. టమాటలు ఎంతున్నయో నువ్వు చెప్పు."

సమత పుస్తకంలోని ఆరింట రెండు కొట్టేసి, అవ్వ పక్కకు జరిగి కూర్చుంది.